గిటారు అంచుకు పసుపు

నాకు లగ్గమైన కొత్తల మా ఇంట్ల మొట్టమొదటి లొల్లి రంగు మీద అయింది. మా ఆయన తన గిటారు నీలిది అంటడు. నేను ఆకుపచ్చది అంట. కూర మాడేదాక గదే ముచ్చట. కండ్లున్న మనిషి ఎవరైనా జర చూసి చెప్పాలె, అది ముదిరిన చింతాకు రంగు. నీలి యాడికెల్లొచ్చింది? "నీకు తెల్వదు, ఊకో" అన్నడు. కోస్గి దిక్కు గొర్లు కాసేటోళ్ల బిడ్డను నేను. ఊకొమ్మంటే ఊకుంటనా?

ఆ గిటారు నాకంటే ముందుగాల ఈ ఇంటికి వచ్చింది. దానికి నల్లటి పెద్ద పెట్టె, లోపట మెత్తటి ఎర్ర మఖ్మల్ గుడ్డ. నాకేమో పుట్టింటోళ్లు ఇచ్చిన రేకు సందూగ. అది పెద్ద భార్య, నేను చిన్న భార్య అని ఆలేరుల మా వాడకట్టోళ్లకు నేనే చెప్పుకున్న. వాళ్లు నవ్విన్రు, మా ఆయన మొఖం మాడ్చుకున్నడు. పగలు రైలుకట్ట పక్కన రేడియోలు బాగుచేసుడు ఆయన పని. పెండ్లిల్ల సీజను వచ్చిందంటే ఆర్కెస్ట్రా పార్టీల కరెంటు గిటారు వాయిస్తడు. ఇంట్ల ఉప్పు తక్కువైందని చెప్పనీకి గూడ సిగ్గుపడే మనిషి, పందిరి కింద ఆ గిటారు భుజానికి ఏసుకున్నడంటే పెండ్లికొడుకు గూడ ఆయన ముంగట తేలిపోవాలె. నేను దాన్ని ఎంత తిట్టినా, ఆయన వాయిస్తాంటె మాత్రం ముంగటి వరుసల కూసుంట. అది వేరే ముచ్చట.

అది రైల్వే క్వార్టర్లల ఉండే ఒక ముసలి గార్డుది. వయసుల ఉన్నప్పుడు సికింద్రాబాదు క్లబ్బులల్ల వాయించెటోడట. రిటైరై ఊరు ఇడిచి పోతాంటె మా ఆయన చేతుల వెట్టి, "దీని ముసలితనం దీనికి ఉండనియ్యి, మీదికెల్లి రంగులు గిట్ల పుయ్యకు" అన్నడట. గా మాట మా ఆయనకు వేదం. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు గిటారు ముసలితనం మీద పాఠం షురూ అయితది.

నాకు గూడ నోటికొచ్చింది ఆ పాఠం. గిటారు పెయ్యి, గదే దాని ఒంటి చుట్టూ చీరకు అంచు ఉన్నట్టు ఒక సన్నపట్టీ ఉంటది. వెనకట దువ్వెనలు చేసిన సామానుతోటే దాన్ని గూడ చేసేటోళ్లట. కొత్తల అది సున్నం లెక్క తెల్లగ ఉండె. ఎండ తాకి, క్లబ్బులల్ల సిగరెట్ల పొగ తాకి, చేతి చెమట తాకి నెయ్యి రంగుకొచ్చింది, ఇంక కొన్ని జాగలల్ల పసుపుకొమ్ము రంగుకొచ్చింది. ముదిరినకొద్ది ఆ పట్టీ కురుచ గూడ అయితదట. అందుకే నడుము వంపు కాడ కట్టెను ఇడిచి బయటికి లేచి ఉండె, వేలు వెడితె కదిలేది. పెట్టె మూత తెరిస్తె కర్పూరం వాసన గుప్పున వచ్చేది. ఆ దువ్వెన సామాన్ల కర్పూరం కలుపుతరట, యేండ్లు గడిచినకొద్ది అది ఆవిరైపోతాంటె గా వాసన.

ఇగ మీది పాలిష్ ముచ్చట. అది అద్దం లెక్క ఉండే వార్నిషు. ముదిరి పసుపుకు తిరిగింది. కింద నీలి, మీద పసుపు, రెండు కలిసి మనకు ఆకుపచ్చ కనపడతాంది, అసలుకు అది నీలే అని మా ఆయన వాదన. మా ఎండకాలంల రేకుల కింద కట్టె ఎండుకపోతది, వానలు వడ్డంక ఉబ్బుతది. వార్నిషు మాత్రం మొండిది, కట్టెతోటి సాగదు, అందుకే పగులుతది. పాత చాయ్ కప్పు లోపట పడ్డట్టు దాని పెయ్యంత సన్నసన్న గీతలు. మోచెయ్యి ఆనే కాడైతే వార్నిషు పోయి, రంగు పోయి, ఉత్త కట్టె తేలింది. ఆ గీతలను భూతద్దం వెట్టి చూసుకుంట మురిసేటోడు. "నా మొఖం మీద ముడుతలు వచ్చినంక గూడ గిట్లనే చూస్తవా?" అని అడిగిన. "చూస్త" అన్నడు గని, భూతద్దం కెల్లి తల ఎత్తలే.

ఒకసారి మా బాపు కోస్గి కెల్లి వచ్చిండు. సంతల గొర్రెను కొనాల్నంటే ముందుగాల పెదవి ఎత్తి పండ్లు చూసే మనిషి. అల్లుని గిటారు దగ్గరికి గుంజుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, పచ్చవడ్డ అంచును బొటనవేలితోటి గీకి చూసిండు. "ముసలిది బిడ్డా. పండ్లు పచ్చవడ్డయి, చిగురు గూడ ఇడిసింది. ఇంక ఈత ఈనదు. ఎవనికన్న అంటగట్టున్రి" అన్నడు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. మా ఆయన బువ్వ తినేదాక మా బాపు మొఖం చూడలే.

మా అత్త మాత్రం నవ్వలే. ఆమె లెక్క వేరే ఉండె. మా మామ, అంటే ఆమె పెనిమిటి, పోయి చాన యేండ్లయింది. ఇంట్ల ఇంకో ఆడమనిషి లేకుండె గనక, బొట్టు లేకున్నా శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు వెట్టేది తనే. నేను కాపురానికి వచ్చిన మొదటి శుక్రవారం పసుపు గిన్నె నా చేతికిచ్చి, "ఇగ ఇది నీ పని బిడ్డా" అని పక్కకు జరిగింది. నేను సంబురంగ తీసుకున్న. ఇంటి పెత్తనం చేతికి వచ్చిందనుకున్న గని, ఆమె చేతికెల్లి ఏం పోయిందో అప్పుడు నాకు సమజ్ కాలే.

ఒక దినం మా ఆయన గిటారును మంచం మీద ఇడిచిపెట్టి నీళ్లు పోసుకోను పోయిండు. అత్త దాని కాడికి పోయి వంగి చూసింది. చుట్టూ పచ్చటి అంచు. పెట్టెల కర్పూరం వాసన. ఇంకేం కావాలె?

"ఓ పిల్లా, గిటు రా. చూసినవా? వెనకట దీన్ని ఎవరో మహాతల్లి మంచిగ కొలిచింది. శుక్రవారం శుక్రవారం అంచుకు పసుపు రాసింది, కర్పూరం ముట్టించింది. ఎన్నేండ్లు రాస్తె గింత ఊరాలె! మనింటికి వచ్చినంక దీన్ని ఎవ్వరు పట్టించుకోలే. పాపం తగుల్తది" అన్నది.

అది పసుపు కాదు అత్తమ్మా, దువ్వెన సామాను ముదిరింది అని చెప్పబోయిన. చెప్పేలోపట గిన్నెల పసుపు కలిపింది. గడప లెక్కనే అంచు చుట్టూ రాసి, నడుమ నడుమ కుంకుమ బొట్లు వెట్టింది. అంత శ్రద్ధగ ఆమె ఏ పని చేసుడు నేను చూడలే. ఆ దినం సంది గది శుక్రవారం పని అయింది. మా ఆయన పొద్దుగాల దుకాణానికి పోంగనే పెట్టె తెరిసేది, పసుపు రాసేది, ఆరినంక తడిబట్టతోటి తుడిచి మూత వెట్టేది.

తుడిస్తె అంచు మీది పసుపు పోతది. పగుళ్లలకు దిగిన పసుపు ఎట్ల పోతది? కొన్ని నెలలకు గిటారు పెయ్యి మీద బంగారు దారాలతోటి వల అల్లినట్టయింది. మా ఆయన భూతద్దం వెట్టి చూసి ఎగిరి గంతేసిండు. "చూసినవానే, వార్నిషు ఎంత మంచిగ ముదురుతాందో! గీతలు బంగారు రంగుకు తిరిగినయి! గార్డుసాబు గిది చెప్పనే లేదు" అని. నేను పొయ్యి దిక్కు తిరిగి నవ్వాపుకోను కడుపు పట్టుకున్న.

ఎన్ని దినాలు దాగుతది? ఒక శుక్రవారం జెరం వచ్చి ఇంట్లనే ఉన్నడు. అమ్మ పసుపు గిన్నెతోటి పెట్టె తెరుస్తాంటె చూసిండు. "అమ్మా! ఏంజేస్తున్నవే? తడి తగిల్తె పట్టీ మొత్తం లేస్తది! నా పాణం తీస్తవా?" అని ఒకటే ఒర్లుడు. ఆమె గిన్నె పట్టుకొని గట్లనే నిలవడ్డది. ఆమె మొఖం చూసి మా ఆయనే సల్లవడ్డడు. "సరే తీ. కొన్ని నీళ్లు కలుపు" అన్నడు. ఆయన మనసు మెత్తది. అందుకే రేడియోలు బాగుచేయించుకున్నోళ్లందరు పైసలు రేపు ఇస్తమని పోతరు.

ఇగ అసలు ఆపద ఆర్కెస్ట్రా మాస్టరుతోటి వచ్చింది. ఒక దినం ఇంటికే వచ్చి అరుగు మీద కూసున్నడు. "పెండ్లోళ్లు ఇంటికి సున్నం ఏపిస్తరు, కుండలు కొత్తయి తెస్తరు, ఎడ్ల కొమ్ములకు సుత రంగు ఏస్తరు. నువ్వేమో ఆ పగిలిన దాన్ని ఏసుకొని వస్తవు. మొన్న పెండ్లిల అడిగిన్రు, గీ చెక్క ఏ కాలందని. నాకు ఇజ్జత్ పోయింది. బియ్యం మిల్లు పటేలు బిడ్డ పెండ్లి వస్తాంది. ఆ లోపట దీనికి ఎర్రరంగు కొట్టియ్యి, తళతళ మెరవాలె. లేకుంటె హైదరాబాదు కెల్లి కొత్త ఎర్ర గిటారు తెచ్చుకున్న పిలగాడు ఉన్నడు, నీ జాగల వాడు నిలవడతడు" అన్నడు.

మా ఆయన ఆ దినం బువ్వ ముట్టలే. రంగు కొట్టిస్తె గిటారు పోతది, కొట్టియ్యకుంటె పార్టీల జాగ పోతది. ఆ జాగ పోతె మా ఆయన ఏమైతడో నాకు తెలుసు. రేడియోల నడుమ కూసొని, ఎవడో వాయించిన పాట వినుకుంట ముసలోడైతడు. నాకు బుగులు పుట్టింది. "లే. రంగు కొట్టిద్దాం పా" అన్న. మధ్య తొవ్వల కెల్లి వాపస్ వస్తడని నేను గూడ ఎంబడి పోయిన.

స్టేషను కాడ బీరువాలకు రంగు కొట్టే చాచా ఉండె. గిటారును చూసి, "ఫికర్ చెయ్యకు బేటా, పెండ్లికొడుకు లెక్క తయారు చేసిస్త" అని డబ్బల ఎరుపు కలుపుడు షురూ చేసిండు. రంగు పడొద్దని తీగెల కింది ప్లాస్టిక్ పలక మరలు ఇప్పి పక్కకు వెట్టిండు. వెట్టి, అట్లనే ఆగిపోయిండు. "అరే! ఇగో, చూడు" అన్నడు.

పలక కింద నీలి. ఎండ తాకని, పొగ తాకని, ఎవ్వరి చెయ్యి తాకని జాగ. పొద్దుగూకినంక ఆసమాను ఉంటది సూడు, గా నీలి. అంత అందమైన రంగు దాని లోపట ఉన్నదని నేను కలల గూడ అనుకోలే. మా ఆయన నా దిక్కు చూసిండు. గెలిచినోడు నవ్వాలె గదా? కండ్లల నీళ్లు పెట్టుకున్నడు.

"ఇప్పుడు చెప్పు, ఏం రంగు?" అన్నడు.

"మూతున్న కాడ నీలి. మూత లేని కాడ ఆకుపచ్చ. మూత కింద ఎవడు చూడొచ్చిండు?" అన్న. ఓడిపోయిన అనుడు మా ఇంటావంటా లేదు. గని చాచా చేతుల కెల్లి బ్రష్షు గుంజుకున్నది మాత్రం నేనే. "పలక బిగియ్యి చాచా. రంగు వద్దు, గింగు వద్దు" అన్న. కలిపిన ఎరుపు పారబొయ్యనీకి మనసొప్పక చాచా తన సైకిలుకు కొట్టుకున్నడు.

పెండ్లి శుక్రవారమే వచ్చింది. పొద్దుగాల పార్టీ జీపు వచ్చి హారన్ కొడతాంది. మా ఆయన ఉరికి పెట్టె తెరిస్తె, అత్త అప్పటికే తన పని చేసి వెట్టింది. ఆ దినం పెండ్లి గదా అని ఇంకింత చిక్కగ రాసింది, బొట్లు గూడ పెద్దగ వెట్టింది. తుడువబోతె తడి పసుపు పెయ్యంత పూసుకుంటాంది. "ఇగ నా పని అయిపోయింది" అని అట్లనే భుజానికి ఏసుకొని జీపెక్కిండు. మాకు గూడ పిలుపుండె, మిల్లు పటేలు ఇల్లు మా వాడకట్టు చివర్లనే. నేను, అత్త నడుచుకుంట పోయినం. అత్త ఎప్పటి లెక్కనే పందిరి వెనక, వంటకు నీళ్లు నింపిన గాబుల కాడ, బొట్టు లేని ముసలోళ్లు కూసునే జాగల పోయి కూసున్నది. ఎవ్వరు చెప్పలే, ఎవ్వరు చెప్పాల్సిన పని గూడ లేదు.

మాస్టరు గిటారు చూసి నోరు తెరిసిండు. "ఇది గిటారా, గడపనా? రంగు కొట్టియ్యమంటె పసుపు కొట్టిస్తవా? వెనకకు పో. డ్రమ్ముల వెనక నిలవడు. రేపటి సంది రాకు" అన్నడు. ఎర్ర గిటారు పిలగాడు ముంగట నిలవడ్డడు. వాని గిటారు నిజంగ తళతళ మెరుస్తాంది. డ్రమ్ముల సందుకెల్లి మా ఆయన తలకాయ మాత్రం కనపడతాంది. నాకు మాస్టరును తిట్టబుద్ధయింది, ఏడువబుద్ధయింది, రెండు ఒక్కసారే.

పాట షురూ చేసే ముందు వాయిద్యాలకు పసుపు కుంకుమ వెట్టుడు పద్ధతి. పెండ్లిపిల్ల తల్లి పళ్లెం పట్టుకొని వచ్చింది. డోలుకు వెట్టింది, సన్నాయికి వెట్టింది, తళతళ మెరిసే ఎర్ర గిటారుకు వెట్టబోతె పిలగాడు "మరకైతది అమ్మా" అని వెనకకు గుంజుకున్నడు. ఆమె మొఖం చిన్నగ చేసుకొని అటు తిరిగింది, డ్రమ్ముల సందుల మా ఆయన గిటారు చూసింది. ఒక్కసారే మొఖం ఇప్పారింది.

"అగో! పద్ధతి తెలిసినోళ్ల ఇల్లు ఇది! అంచు చుట్టూ ఎంత మంచిగ రాసిన్రు! ఏం మాస్టరూ, గింత మంచి మనిషిని వెనక నిలవెట్టినవేంది?" అన్నది. మాస్టరు కండ్లు మూసి తెరిసేలోపట మారిండు. "మా పార్టీల పెద్ద మనిషి అమ్మా ఈయన" అని చెయ్యి పట్టి ముంగటికి గుంజుకొచ్చిండు. నాకు పాణం లేచొచ్చింది.

గంతట్ల ఆగితె మంచిగుండు. ఆమె ఆగలే. "ఏ ఇల్లాలు రాసింది ఇది? అంత మంచి చెయ్యితోటి నా బిడ్డకు గూడ పసుపు వెట్టిద్దాం. పిలువున్రి" అన్నది. మా ఆయన నా దిక్కు చూసిండు. ఆ చూపుల ఏమున్నదో నాకు తెలుసు. నేనే రాసిన అంటె అయిపోతది. ఆయన జాగ ఆయనకుంటది, నాకు మర్యాద దొరుకుతది, ఎవ్వరికి నష్టం లేదు. నేను నోరు తెరిసిన. పసుపు గిన్నె నాకిచ్చి పక్కకు జరిగిన మనిషి గుర్తుకొచ్చింది. ఇంట్ల గడపను నేను తీసుకుంటె, ఆమె గిటారును దొరకవట్టుకున్నది. గది గూడ నేనే తీసుకోవాల్నా?

"నేను కాదమ్మా. మా అత్త రాసింది" అన్న.

"యాడున్నది? పిలువు."

"అగో, గాబుల కాడ."

అందరు అటు తిరిగిన్రు. బొట్టు లేని నొసలు, బోడి చేతులు. మా అత్త తనను ఎందుకు చూస్తున్నరో తెల్వక చేతులు కొంగుల దాసుకున్నది. పెండ్లిపిల్ల తల్లి పళ్లెం కిందికి దించింది. ఎవరో "అయ్యో, ఇదేం పాడు" అన్నరు. మాస్టరు సప్పుడు చెయ్యకుంట మా ఆయన గిటారు వైరు గుంజేసిండు.

అప్పుడు గాబుల కాడికెల్లి ఒక ముసలామె లేచింది. పెండ్లిపిల్ల నాయినకు తల్లి. ఆమె గూడ బొట్టు లేని మనిషే. సొంత మనుమరాలి పెండ్లిల గాబుల కాడ కూసున్నది. కోడలి ముంగట నిలవడి, "నీ బిడ్డ పుట్టినప్పుడు బొడ్డు కోసింది నా చెయ్యి కాదా? నీ బిడ్డకు లాలవోసింది నా చెయ్యి కాదా? అప్పుడు మంచిదైన చెయ్యి ఇప్పుడు ఏమైందే?" అన్నది. ఆ మాట పందిరంత వినపడ్డది. మా అత్త రెక్క పట్టి లేపి, ముంగటి వరుసల రెండు కుర్సీలు తానే గుంజి, ఒకదాంట్ల ఆమెను కూసోవెట్టింది, ఇంకోదాంట్ల తను కూసున్నది. మాస్టరు దిక్కు తిరిగి, "వైరు వెట్టు" అన్నది.

వైరు వెట్టిండు. మా ఆయన వాయించిండు. అంతకుముందు గాని, ఆ తర్వాత గాని ఆయన గట్ల వాయించుడు నేను వినలే. పెద్ద డబ్బ స్పీకరు సక్కగ ఆ ఇద్దరు ముసలోళ్ల మొఖాల ముంగటే ఉండె. పాట అయ్యేదాక ఇద్దరు రెండు చెవులు మూసుకొనే కూసున్నరు. గని, కుర్సీలు ఇడువలే. పెండ్లిపిల్ల తల్లి జరసేపు అటు ఇటు తిరిగి, వచ్చి అత్త ముంగట పళ్లెం వట్టింది. అత్త పెండ్లిపిల్లకు పసుపు వెట్టింది.

మా ఆయన జాగ మా ఆయనకు దక్కింది. రంగు ముచ్చట మాస్టరు మళ్ల ఎత్తలే. ఎత్తుడు కాదు, వ్యాపారం తెలిసిన మనిషి గదా, ఆ తర్వాతి శుక్రవారం పొద్దుగాలనే ఆ పిలగానితోటి ఎర్ర గిటారును మా ఇంటికి పంపిండు, దానికి గూడ మా అత్తతోటి పసుపు వెట్టియ్యమని. "ఇది కొత్తది కొడుకా, దీనికి పట్టదు. పగిలినంక తీస్కరా" అన్నది అత్త. అన్నదేగాని, వాడు చిన్నవోతె, పాపమని దాని అంచుకు గూడ రాసింది. వాడు పోయిండు.

గిన్నెల అడుగున జర పసుపు మిగిలింది. అత్త అటు ఇటు చూసింది. నేను తలుపు చాటున ఉన్న, ఆమెకు కనపడలే. చీర అంచు జర మీదికి గుంజుకొని, ఒక కాలుకు పసుపు రాసుకున్నది. ఆగింది. ఎవ్వరు వస్తలేరని చూసి, రెండో కాలుకు రాసుకోబోయింది, గిన్నెల అయిపోయింది. వేలితోటి అడుగు గీకుతాంది. మామ పోయినంక ఆ కాళ్లు పసుపు ఎరుగయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలే. అట్లనే ఎదురుంగ పోయి కూసున్న.

"ఇంకింత కలిపి తేవాల్నా అత్తమ్మా?" అన్న.

ఆమె తల ఎత్తలే. గిన్నె మాత్రం నా దిక్కు జరిపింది.